వంట చేసి, ప్రూఫులు దిద్ది, నవల రాసిన ఆళ్వారుస్వామి

మన గోడపత్రికలో ఇప్పటిదాకా కొమరం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, చాకలి ఐలమ్మ గురించి రాసిన్రు. భీం గురించి అయితే మూడుసార్లు వచ్చింది. అందుకని ఈసారి జీవిత చరిత్ర నన్ను రాయమన్నప్పుడు నేను వట్టికోట ఆళ్వారుస్వామిని ఎంచుకున్నాను. ఆయన యుద్ధం చేయలేదు, బాణం పట్టలేదు. పుస్తకాల మూట పట్టిన మనిషి. ఇంకో కారణం కూడా ఉంది. మన క్లాసులో కథలు రాసుకునేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, అందరూ నోటుబుక్కు వెనక పేజీల్లో దాచిపెట్టి రాస్తరు. టైం ఎక్కడిది అని అందరిదీ ఒకటే బాధ. టైం లేని మనిషి నవల ఎట్ల రాసిండో తెలుసుకుందామని ఈయన జీవితం చదివాను.

ఆళ్వారుస్వామి 1915 నవంబర్ 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువు మాదారం అనే ఊళ్లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. ఇల్లు గడవడం కష్టమైంది. అప్పుడు ఆయన ఏం చేశారంటే ఒక ఉపాధ్యాయుడికి వంట చేసి పెడుతూ, ఆ సారు దగ్గరే చదువు నేర్చుకున్నారు. పెద్ద పెద్ద డిగ్రీలు ఏమీ లేవు. పొయ్యి దగ్గర కూర్చొని నేర్చుకున్న చదువే.

నాకు ఈ సంగతి చదివినప్పుడు ఆశ్చర్యం అనిపించింది. ఎందుకంటే మనకు రచయిత అంటే పెద్ద కుర్చీ, టేబుల్, కళ్లద్దాలు, గోడకు పుస్తకాల బీరువా గుర్తుకొస్తాయి. పుస్తకంలో ఫొటోలు అట్లనే ఉంటాయి కదా. వంట చేసేవాళ్లు చెయ్యి కాలకుండా గిన్నె దింపాలి, అన్నం మాడకుండా చూడాలి, తినేవాళ్లు తిన్నాక గిన్నెలు తోమాలి. మన హాస్టల్లో వంట అక్కలను చూడండి, పొద్దున నాలుగింటికి లేస్తే మధ్యాహ్నం దాకా కూర్చోరు. ఆ పనుల మధ్యలో అక్షరాలు నేర్చుకోవడం అంటే మామూలు సంగతి కాదు.

తర్వాత బతుకుదెరువు కోసం విజయవాడ పోయి హోటల్లో సర్వర్‌గా పనిచేశారు. ఆ తర్వాత హైదరాబాద్, సికింద్రాబాద్ వచ్చారు. అక్కడ గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడర్‌గా పని దొరికింది. ఆ పత్రికను సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, ఆయన 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అటువంటి పట్టుదల ఉన్న చోట ఆళ్వారుస్వామి పనిచేశారు.

ప్రూఫ్ రీడర్ అంటే ఏమిటో మన దగ్గర చాలామందికి తెల్వదు, నాకు కూడా మేడమ్ చెప్తేనే తెలిసింది. అప్పట్లో కంప్యూటర్లు లేవు. సీసంతో పోతపోసిన ఒక్కొక్క అక్షరాన్ని పేర్చి పేజీ తయారు చేసేవాళ్లు. ముందు ఒక కాగితం మీద అచ్చు తీసి చూస్తారు, అదే ప్రూఫ్. ఒత్తు తప్పిందా, దీర్ఘం పోయిందా, అక్షరం తలకిందులు పడ్డదా అని వెతికి దిద్దాలి. రాసింది వేరేవాళ్లు, పేరు వేరేవాళ్లది, తప్పులు ఏరేది మాత్రం ఈయన. కానీ నాకు ఏమనిపిస్తుందంటే, రోజూ పక్కవాళ్ల వాక్యాలు అన్నేసి చదివిన మనిషికి వాక్యం ఎట్ల నిలబడుతుందో తెలిసిపోతుంది. జీతం తీసుకుంటూ నవల రాయడం నేర్చుకున్నట్టే అయింది. ఇది నా సొంత ఆలోచన, పుస్తకంలో లేదు.

అప్పటి రోజుల గురించి కొంచెం చెప్పాలి. తెలంగాణ అంతా నిజాం పాలనలో ఉండేది. బడుల్లో చదువు ఉర్దూలో. తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. ఊళ్లల్లో దొరలు వెట్టి చేయించుకునేవాళ్లు. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. మన జనగామ దిక్కు విసునూరు దొర గురించి సోషల్ పాఠంలో చదువుకున్నాం. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది ఆ దొర మనుషులే. పాలకుర్తిలో ఐలమ్మ పంట కాపాడుకున్నది కూడా ఆ దొర నుంచే. ఈ ఊళ్లన్నీ ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి.

అట్లాంటి కాలంలో, 1938లో ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల అనే సంస్థ పెట్టారు. గ్రంథమాల అంటే వరుసగా పుస్తకాలు అచ్చువేసేది. దేశోద్ధారక అనేది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి బిరుదు. ఆయన ఆ సంవత్సరమే చనిపోయారు, ఆయన పేరు మీద పెట్టారు. నాగేశ్వరరావు పంతులు ఎవరో తెలుసా? మనకు తలనొప్పి వస్తే రాసుకునే అమృతాంజనం ఉంది కదా, అది తయారుచేసింది ఆయనే, 1893లో. ఆ డబ్బులతో ఆంధ్రపత్రిక నడిపారు. (సిక్ రూంలో పసుపు డబ్బా చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు గ్రంథమాల గుర్తుకొస్తుంది.)

కానీ ఆళ్వారుస్వామి దగ్గర అమృతాంజనం డబ్బులు లేవు. హోటల్లో పనిచేసి వచ్చిన మనిషి. అచ్చువేసిన పుస్తకాలు ఎవరు కొంటారు? షాపుల్లేవు. అందుకని ఆయనే పుస్తకాలు మూటగట్టి తలమీద పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మేవారని చెప్తారు. మా ఊళ్లో తునికాకు సీజన్‌లో మా అమ్మ ఆకు మూట నెత్తిన పెట్టుకొని కల్లం దాకా నడుస్తది. నాకు ఆయన మూట అట్లనే కండ్ల ముందు కనపడ్డది. ఆకు మూట కన్నా పుస్తకాల మూటే ఎక్కువ బరువుంటది. ఆకు ఎండితే తేలికైతది, పుస్తకం కాదు.

అట్లా ఆయన ముప్పైకి పైగా పుస్తకాలు వేశారు. వరంగల్ ప్రజాకవి కాళోజీ రాసిన 'నా గొడవ' అచ్చులోకి తెచ్చింది కూడా ఈయనే. చూడండి, తన నవల రాయకముందే పక్కవాళ్ల పుస్తకాలు అన్ని మోసిండు. దీని గురించి నేను, నా పక్క మంచం ఫ్రెండ్ వాదించుకున్నాం. ఆ టైంలో తన నవల రాసుకుంటే నాలుగు నవలలు అయ్యేవి కదా అని తను అంటది. కానీ చదివేవాళ్లే లేని చోట నవల రాస్తే ఎవరు చదువుతరు? ముందు చదివేవాళ్లను తయారుచేసిండని నేను అన్నాను. ఇద్దరం ఒప్పుకోలేదు, లైట్లు బంద్ అయ్యే బెల్లు కొట్టిన్రు.

పుస్తకాలే కాదు. ఆంధ్రమహాసభలో పనిచేశారు. సికింద్రాబాద్‌లో రిక్షా తొక్కేవాళ్ల కోసం, కార్మికుల కోసం, గుమాస్తాల కోసం తిరిగారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయారు. మళ్లీ 1946లో కమ్యూనిస్టు అని పట్టుకున్నారు. ఈసారి 1951 దాకా వదల్లేదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1948 సెప్టెంబర్ 17న నిజాం పాలన పోయింది. మనకు స్కూల్లో అక్కడితో పాఠం అయిపోతది, అందరూ సంతోషంగా ఉన్నట్టు. కానీ ఆళ్వారుస్వామి ఆ తర్వాత కూడా జైల్లోనే ఉన్నారు. రాజు మారినా ఆయన గది తాళం మారలేదు.

ఆయనకు భార్య ఉంది, ఇల్లు ఉంది. అన్నేండ్లు ఆయన జైల్లో ఉంటే ఇల్లు ఎవరు నడిపిన్రు, బియ్యం ఎవరు తెచ్చిన్రు? జీవిత చరిత్రల్లో ఈ విషయం ఒక్క ముక్కలో దాటేస్తరు. నాకు ఇది నచ్చదు. మా బాపు మేస్త్రీ పనికి వేరే ఊరు పోతే మూడు నెలలకే మా ఇంట్లో ఎట్లుంటదో నాకు తెలుసు. ఆయన త్యాగం ఎంత పెద్దదో ఇంట్లోవాళ్లది కూడా అంత పెద్దదే అని నేను రాస్తున్నాను.

జైల్లో జరిగిన ఒక సంఘటన మన గోడపత్రికకు బాగా సంబంధం ఉన్నది. నిజామాబాద్ జైల్లో ఆళ్వారుస్వామితోపాటు మహాకవి దాశరథి కృష్ణమాచార్య కూడా ఖైదీ. దాశరథిది మన మహబూబాబాద్ జిల్లానే, మరిపెడ దగ్గర చిన్నగూడూరు. ఆయన 1925లో పుట్టి 1987లో చనిపోయారు. జైల్లో కాగితం, కలం ఇయ్యరు కదా. పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుతో ఆయన గోడ మీద నిజాంకు వ్యతిరేకంగా పద్యం రాసిండు. జైలు వాళ్లు చూసి చెరిపేసిన్రు. మళ్లీ రాసిండు. ఆ పద్యాలను ఆళ్వారుస్వామి నోటికి నేర్చుకొని కాపాడిండని చెప్తారు. గోడ మీద చెరిపితే పోతది, మనిషి నోట్లో ఉన్నది ఎట్ల చెరుపుతరు? తర్వాత దాశరథి తన మొదటి పుస్తకం 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చారు.

ఈ సంఘటన చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. మా అమ్మమ్మకు చదువు రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు, నేనే మొదలు. కానీ మా కోయల పాటలు, గొట్టుల కథలు, వేల్పుల కథలు ఆమెకు రాత్రంతా చెప్పేటన్ని వస్తాయి. కాగితం మీద ఒక్కటి కూడా లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. జైల్లో దొంగతనాలు చేసినవాళ్లు, హత్య చేసినవాళ్లు కూడా ఉంటారు. రాజకీయ ఖైదీలు మామూలుగా వాళ్లతో మాట్లాడరు. ఆళ్వారుస్వామి వాళ్ల దగ్గర కూర్చొని వాళ్లు ఎందుకు ఇట్లా అయ్యిన్రో అడిగి తెలుసుకున్నారు. ఆ బతుకులనే 'జైలు లోపల' అనే కథల పుస్తకంగా రాశారు. జైలు ఆయన టైం తినేసింది అనుకుంటాం, ఆయన మాత్రం జైలునే కథ చేసుకున్నారు.

1955లో 'ప్రజల మనిషి' నవల వచ్చింది. తెలంగాణ ప్రజల బతుకు మీద వచ్చిన మొదటి నవల ఇదేనని చాలామంది అంటారు. అప్పటికి ఆయనకు నలబై ఏండ్లు కావస్తున్నాయి. ఈ నవలలో దిమ్మెగూడెం అనే ఊరు ఉంటది. ఆ ఊరి దొర రామభూపాలరావు. ఆ దొరకు ఎదురు నిలబడి ప్రజల వైపు ఉండే యువకుడు కంఠీరవం. వెట్టి ఎట్లుండేది, భూములు ఎట్ల గుంజుకున్నరు, ఊళ్లోవాళ్లు మెల్లమెల్లగా ఎట్ల ధైర్యం తెచ్చుకున్నరు అనేది కథ. దొరలు, గడీలు సినిమాల్లో చూస్తే ఒక్క హీరో వచ్చి అందరినీ కొట్టేస్తాడు. ఇందులో అట్ల కాదు, భయపడేవాళ్లు కూడా ఉంటరు, మధ్యలో ఊగేవాళ్లు ఉంటరు. అందుకే నిజం అనిపిస్తది. మొదట్లో కొన్ని పేజీలు చదవడం కష్టం, ఉర్దూ మాటలు, కచేరీ మాటలు ఉంటాయి. వాటిని దాటితే పుస్తకం కింద పెట్టరు.

ఈ నవలలో ఉన్నవి ఆయన ఎక్కడ చూసిండు? పుస్తకాల మూటతో తిరిగిన ఊళ్లల్లోనే కదా. వంట చేసిన ఇండ్లల్లో, హోటల్లో, సభల్లో, జైల్లో. నా ఫ్రెండ్ అన్న నాలుగు నవలల సంగతి మళ్లీ ఆలోచించాను. ఆ తిరుగుడు లేకుండా గదిలో కూర్చొని ఉంటే నాలుగు కాదు, ఈ ఒక్కటి కూడా వచ్చేది కాదేమో. పనులు నవలకు అడ్డం వచ్చినయి, ఆ పనులే నవల ఇచ్చినయి. రెండూ నిజమే.

అయితే ఆయనకు పెద్ద ఆలోచన ఉండె. తెలంగాణ ప్రజల పోరాట చరిత్రను మొత్తం వరుసగా నవలల్లో రాయాలని. రెండో నవల 'గంగు' మొదలుపెట్టారు. పేరులోనే ఉంది, గంగు ఒక అమ్మాయి. అది పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి చనిపోయారు. నలబై ఐదేండ్లే. సగంలో ఆగిన 'గంగు'ను 1965లో అచ్చువేశారు.

నాకు ఇక్కడ బాధ అనిపించింది. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. అందరి పుస్తకాలు మోసిన మనిషికి తన పుస్తకం పూర్తిచేసే టైం దొరకలేదు. మంచివాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లు చేసిందంతా సరైనదే అని రాస్తం. కానీ ఆయన రోజుకు ఒక గంట తన కోసం దాచుకొని ఉంటే బాగుండు అని నాకు అనిపిస్తుంది. ప్రజల కోసం చేసే పనిలో నవల కూడా ఒక పనే కదా. గంగు ఏమైందో తెలుసుకోవాలని ఉన్న మాలాంటి వాళ్లం కూడా ప్రజలమే కదా.

ఆగిపోయిన ఆ పనిని ఎత్తుకున్నది దాశరథి రంగాచార్య. ఈయన దాశరథి కృష్ణమాచార్య తమ్ముడు. ఈయనది కూడా చిన్నగూడూరే, 1928లో పుట్టారు. ఆళ్వారుస్వామి మొదలుపెట్టిన నవలల వరుసను ముందుకు తీసుకుపోవాలని 'చిల్లర దేవుళ్లు', 'మోదుగు పూలు', 'జనపదం' రాశారు. 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చింది. ఈయన పద్ధతి వేరే. సికింద్రాబాద్ మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూనే రాశారు. జీతం వచ్చేది, ఇల్లు నడిచేది, నవలలు కూడా వచ్చినయి. ఆ తర్వాత నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చారు. 2015 జూన్ 8న 86 ఏండ్ల వయసులో చనిపోయారు.

మా ఇంటి దగ్గర ఒక పెద్దాయన నా రాతలు చూసి, ముందు పది పాస్ కా, తర్వాత నౌకరి, ఆ తర్వాతే కథలు గిథలు అన్నాడు. ఆయన అన్నది తప్పు అని నేను అనను. మా అక్కకు పది తర్వాత చదువు ఆగిపోయింది, నా మీద ఇంట్లో అందరి ఆశ ఉంది. నర్సింగ్ చదవాలని నాకు కూడా ఉంది, మా దిక్కు రాత్రిపూట పాము కరిస్తే ఆస్పత్రికి పోయే లోపల అయిపోతరు. కానీ కథలు వరుసలో మూడో నంబర్‌లో నిలబడి ఉండాలంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మా అమ్మమ్మకు డెబ్బై దాటినయి. నాకు నౌకరి వచ్చేదాకా ఆమె కథలు ఆగుతయా? అందుకే మనిషిగా నాకు ఆళ్వారుస్వామి ఇష్టం, టైం విషయంలో మాత్రం రంగాచార్య దారి పట్టినా. ఆదివారం బట్టలు ఉతికి ఆరేసినాక, అవి ఆరేదాకా రాస్తున్నా. ఎండాకాలం తొందరగా ఆరుతయి, రెండు పేజీలే అయితయి. వానాకాలం నాలుగు. ఇప్పటికి లాంగ్ నోట్‌బుక్‌లో ఇరవై మూడు పేజీలు అయినయి. సెలవులకు పోయినప్పుడు మాత్రం ఇప్పపువ్వు ఏరుడు, తమ్ముడిని ఎత్తుకునుడు, ఒక్క ముక్క కూడా కాలేదు. కానీ అప్పుడే అమ్మమ్మ దగ్గర మూడు కొత్త కథలు విన్నాను.

మన లైబ్రరీ బీరువాలో 'ప్రజల మనిషి' ఒకటే కాపీ ఉంది. అట్ట ఊడిపోయింది, నేను క్యాలెండర్ కాగితంతో కొత్త అట్ట వేసిన. 'గంగు' లేదు, తెప్పిస్తానని వార్డెన్ మేడమ్ అన్నారు. 'చిల్లర దేవుళ్లు' ఉంది, కానీ పోయిన ఏడాది నుంచి ఎవరి పెట్టెలోనో ఉంది. దయచేసి వెనక్కి పెట్టండి, పేరు అడగం. 'ప్రజల మనిషి' ఇప్పుడు పదో తరగతి అక్క దగ్గర ఉంది. తర్వాత చదవాలనుకునేవాళ్లు ఈ కాగితం కింద పెన్సిల్‌తో పేరు రాయండి, ఆ వరుసలోనే ఇస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని